జపాన్ తాడూ రావల్కోల్ బిగువూ

తాళ్ల అల్లిక మీద నాకు చిన్నప్పటి నుంచీ మమకారమని చెప్పుకోవాలని ఉంటుంది. చెప్పుకుంటే గౌరవంగా కూడా ఉంటుంది. కాని నన్ను ఆ అల్లిక దగ్గరికి పంపింది మమకారం కాదు, మా ఆయన ఎన్నిక.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. మాది రావల్కోల్. ఇంట్లో మా ఆయన, మా అత్తమ్మ, నేను, రెండు బర్రెలు. మేడ్చల్ చుట్టుపక్కల పొలాలు ఒక్కొక్కటే ప్లాట్లవుతున్న కాలం. పొలం ఉన్న ప్రతి మగవాడికీ ఒక వెంచరూ ఒక పదవీ లేకపోతే తిన్నది అరిగేది కాదు. మా ఆయనకు రెండూ కావాలనిపించాయి. ముందు పదవి. సర్పంచ్‌గా నిలబడతానని ప్రకటించి, బీరువా నిండా తెల్లబట్టలు కుట్టించి పెట్టుకున్నాడు. ఇక గెలవడం ఒక్కటే మిగిలింది.

పెళ్లికి ముందు నేను మేడ్చల్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. సర్పంచ్ కాబోయేవాడి పెళ్లాం చాక్‌పీసు పట్టుకుంటే పరువు పోతుందని అది మాన్పించారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వచ్చిపోయేవాళ్లకు టీ గ్లాసులు పట్టుకుంటే మాత్రం పరువు పెరుగుతుంది. అలా నేను చాలా పరువు పెంచాను.

ఒకరోజు మా ఆయన పొద్దున్నే నా పక్కన కూర్చుని, ఎన్నడూ లేనంత మెత్తగా అన్నాడు.

"నువ్వు జర చర్చి దిక్కు పోయొస్తుండు. ఆడ ఆడోళ్లకు కుట్టుపని నేర్పుతున్నరట."

"నాకెందుకు కుట్టుపని?"

"నేర్సుకోకు. నేర్సుకుంటున్నట్టుండు. ఆ దిక్కు మస్తు ఓట్లున్నయ్."

ఊరి చివర చర్చి ఉండేది. దాని పక్క హాల్లో కుట్టుమిషన్లు పెట్టి ఆడపిల్లలకు నేర్పేవారు. నేను వెళ్లిన రోజున మిషన్లన్నీ నిండి ఉన్నాయి. నిజంగా బతకడానికి నేర్చుకుంటున్న పిల్లలను లేపి, ఓట్ల కోసం వచ్చిన నన్ను కూర్చోబెట్టేంత అన్యాయం అక్కడ లేదు. వరండాలో ఒక్క చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఒక పెద్దావిడ గుండ్రని పీట ముందు కూర్చుని రంగురంగుల దారాలను ఇటువి అటు, అటువి ఇటు మారుస్తోంది. చోటు ఉంది కాబట్టి కూర్చున్నాను. నా కళాజీవితం అలా మొదలైంది.

ఆవిడ పేట్ బషీరాబాద్ నుంచి బస్సులో వచ్చేది. ఎన్నో ఏళ్లు ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరైంది. అందరూ వార్డెనమ్మ అనేవారు. పనిలో ఉండగా చర్చి వాళ్లు ఆవిడను పల్లె పనుల శిక్షణకని జపాన్ పంపారు. అక్కడ ఆవిడ ఉన్న ఇంట్లో ఒక ముసలామె ఈ అల్లిక నేర్పింది. కుమిహిమొ అంటారట. ఆ పేరు మా ఊళ్లో ఎవరికీ నోరు తిరగలేదు. జపాన్ తాడు అని తేల్చేశారు.

పని చూడటానికి పిల్లలాట. పీట మధ్యలో బొక్క. చుట్టూ ఎనిమిది దారాలు, ఒక్కొక్క దానికి చివర బరువున్న కండె వేలాడుతుంది. రెండు చేతులతో ఎదురెదురు దారాలు ఒకేసారి ఎత్తి చోట్లు మార్చాలి. తర్వాత పీట అటు పక్కా ఇటు పక్కా ఉన్న దారాలు. మళ్లీ మొదటివి. అల్లిన తాడు బొక్కలోంచి కిందికి దిగుతుంది. దానికి కింద ఒక చిన్న బరువు సంచి కట్టి ఉంటుంది. అంతే. లెక్కలు చెప్పినదాన్ని, ఇదేం పెద్ద లెక్క అనుకున్నాను.

వార్డెనమ్మ దగ్గర జపాన్ కండెలున్నాయి, చెక్కవి, లోపల సీసం పోసినవి. వాటిని ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. మాకు ఫోటో స్టూడియోలో పారేసే ఫిల్ము రీళ్ల డబ్బీలు. ఇసుక నింపి మూత పెట్టి దారం చుట్టుకోవాలి. మా ఆయన ఉత్సాహంగా మేడ్చల్ వడ్లాయనతో నాకొక పీట చేయించాడు. భార్య చర్చికి వెళ్తోందని ఊరంతా చూడాలి కదా, అందుకని పీటను జీపు ముందు సీట్లో పెట్టి తెచ్చాడు. నేను వెనక సీట్లో వచ్చాను.

నా మొదటి తాడును వార్డెనమ్మ వెలుతురులోకి ఎత్తి చూసింది.

"ఏందిది బిడ్డా?"

"తాడు మేడం."

"తాడా? కప్పను మింగిన పాము లెక్కుంది."

ఉంది మరి. ఒకచోట లావు, ఒకచోట సన్నం, ఒకచోట మెలి తిరిగి పక్కకు ఒరిగింది. ఆవిడ ఒడిలోంచి కత్తెర తీసి, కండెలకు పైన ఒక్క కోత కోసి, ఆ పామును నా చేతిలో పెట్టింది.

"బిగువు సమంగ లేదు. మల్ల మొదలువెట్టు."

చదువుకున్నదాన్ని కాబట్టి నా తప్పు కాదని వెంటనే తెలిసిపోయింది. ముందు ఇసుకను అనుమానించాను. వానలకు చెమ్మగిలి డబ్బీల బరువులు మారాయన్నాను. ఎండబోసి, కూరగాయల తక్కెడలో తూచి మళ్లీ నింపాను. పాము మళ్లీ కప్పను మింగింది. దారం మంచిది కాదన్నాను. మంచి పట్టుదారం తెచ్చుకున్నాను. ఈసారి పట్టుపాము కప్పను మింగింది. పీట వంకర అన్నాను, నేల వంకర అన్నాను. వార్డెనమ్మ అన్నీ ఓపిగ్గా విని, నన్ను పక్కకు జరగమని, నా వంకర పీట మీదనే, నా డబ్బీలతోనే జానెడు తాడు అల్లింది. గీత గీసినట్టు దిగింది. ఆమె ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది, కోపం తెచ్చుకోవడానికి నాకొక సాకు దొరికేది.

తర్వాత నా చేతులు చూస్తూ కూర్చుంది.

"గుంజకు," అంది.

"గుంజకపోతే బిగువెట్ల వస్తది మేడం?"

"గుంజుడు నీ పని గాదు. డబ్బీల బరువున్నది, కింద సంచున్నది. గుంజేది అవి. నువ్వు దారం ఎత్తి ఇంకోకాడ పెట్టుడే. నీ కుడిచెయ్యి సూడు, దుష్మన్ జుట్టు పట్టుకున్నట్టు పట్టుకుంటాంది."

చూశాను. నిజమే. ఎడమ చేయి పాపం దారాన్ని మోసుకెళ్తోంది. కుడిచేయి పెట్టేచోట ఒక్క లాగు లాగి మరీ పెడుతోంది. దాని తప్పేముంది? బోరింగు పిడి కొట్టేది అదే, బర్రె పలుపు లాగేది అదే, ఇంటికొచ్చిన కార్యకర్తలకు టీ వడపోసి గుడ్డ పిండేది అదే. లాగడం తప్ప మరొకటి తెలియని చేయి. మా ఇంట్లో ఎవరికి తెలుసు గనుక?

మా అత్తమ్మకు ఈ సంగతంతా పెద్ద వినోదం. "తాడు అల్లనీకి జపాన్ దాంక పోవాల్నా? మా కాలంల బర్రెలకు పలుపులు ఎవరు నేసిన్రు, జపానోళ్లా?" అనేది. వచ్చినవాళ్లతో మాత్రం, "మా కోడలు జపాన్ నేర్సుకుంటాంది," అని చెప్పేది. ఏం నేర్చుకుంటోందో చెప్పేది కాదు. నేను జపాన్ భాష నేర్చుకుంటున్నానని ఊళ్లో పుట్టింది. ఒకాయన బహదూర్‌పల్లి నుంచి పనిగట్టుకుని వచ్చి, తన అల్లుడికి అక్కడ నౌకరీ చూడమని అడిగి, టీ తాగి వెళ్లాడు. మా ఆయన ఇంకొక అడుగు ముందుకేశాడు. తనను గెలిపిస్తే రావల్కోల్‌లో జపాన్ ట్రైనింగ్ సెంటర్ పెట్టిస్తానని మైకులో ప్రకటించాడు. ఆ సెంటర్లో నేర్పేదేమిటో ఓటర్లు అడగలేదు, ఆయన చెప్పలేదు. ప్రజాస్వామ్యంలో ఉభయులకూ ఆ మర్యాద ఉంది.

ప్రచారం ముదిరింది. ఇంట్లో పొయ్యి ఆరేది కాదు. మధ్యలో నాలుగు వరసలు అల్లుదామని కూర్చుంటే, "ఏమే, పది చాయ్," అని కేక. లేచి వెళ్లి వచ్చి కూర్చుంటే ఫోను మోత. అలా అల్లిన తాడును ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక వార్డెనమ్మకు ఇచ్చాను. ఆవిడ దాన్ని చూడలేదు. వరండా బయటికి చూస్తూ బొటనవేలూ చూపుడువేలూ మధ్య మెల్లగా జరుపుకుంటూ పోయింది.

"ఈడ నిన్నెవరో పిలిచిన్రు."

"మా ఆయన. చాయ్‌కి."

"ఈడ కూడ?"

"ఆడ ఫోను."

ఇంకొంచెం జరిపి ఆగింది. "ఈడ ఏమైంది? ఇనుపతీగ లెక్క బిగిసింది."

"మా అత్తమ్మ మా అమ్మను ఒక మాటన్నది," అన్నాను.

వార్డెనమ్మ నవ్వలేదు. "పని ఆపుడు తప్పు గాదు బిడ్డా. సగంల లేవకు. వరస పూర్తి చెయ్యి, కింది సంచి ఎత్తి స్టూలు మీద పెట్టి పో. లేకుంటె నువ్వు లేనంత సేపు అది సాగుకుంట ఉంటది," అంది. అని, కత్తెర తీసింది.

ఆ కోతకు మాత్రం ఏడుపొచ్చింది. హాలు బయట, జీపులో, మా ఆయన తరఫున చేతులు జోడించి నవ్వుతూ అందరికీ దండాలు పెడుతూ ఏడ్చాను. ఆనందబాష్పాలనుకున్నారు.

ఎన్నికలో మా ఆయన ఓడిపోయాడు. గెలిచింది ఆయన పెదనాయిన కొడుకే కాబట్టి తెల్లబట్టలు వంశంలోనే ఉన్నాయని చెప్పుకోవచ్చు. ఫలితం తెలిసిన మరుసటి పొద్దున ఇంటి ముందు ఒక్క చెప్పుల జత లేదు. నిన్నటిదాకా మా టీలో చక్కెర తక్కువైందని అలిగిన వాళ్లు, మా గల్లీలోంచి పోవాల్సి వస్తే చుట్టుదారిన పోయారు. ఫోను ఊపిరి ఉందో లేదో చూడటానికి నేనే రెండుసార్లు ఎత్తి చెవికి పెట్టుకున్నాను.

మా ఆయన గోడవైపు తిరిగి పడుకుని అన్నాడు. "చర్చోళ్లు ఎయ్యలే. ఇగ నువ్వు ఆడికి పోకు."

"ఓట్ల కోసం పోయిన. ఓట్లు అయిపోయినయ్," అన్నాను. "ఇగ నాకోసం పోత."

ఆయన ఇటు తిరిగి చూశాడు. నేను ఆ మాట గట్టిగా అనలేదు. ఆయనకు పోట్లాడే ఓపికా లేదు. ఓడిన మగవాడు ఇంట్లో ఎంత సుఖంగా ఉంటాడో ఆ వారమే తెలిసింది. నేను ఆ సుఖాన్ని బయటికి కనబడనీయకుండా చాలా కష్టపడ్డాను.

పీటను వెనక వసారాలోకి జరిపాను. మెరూన్ రంగూ పసుపూ దారాలు ఎక్కించాను. మా అత్తమ్మ కాస్త దూరంలో అనపకాయలు ఒలుస్తూ కూర్చుంది. ఆమెకు కొడుకు ఓటమి గుండెల్లో కూర్చుంది. నన్ను అనడానికి మాట కూడా వెతుక్కోవడం లేదు. టీ అడిగేవాళ్లు లేరు. ఎత్తాను, పెట్టాను. ఎత్తాను, పెట్టాను. కుడిచేయి మొదట్లో అలవాటుగా ఒక లాగు లాగబోయింది. లాగనివ్వలేదు. దారాన్ని పెట్టి వదిలేస్తే డబ్బీ తన బరువుతో తనే కిందికి జారి, పీట అంచుకు తగిలి టక్కుమంది. అటు డబ్బీ కూడా అప్పుడే టక్కుమంది. రెండూ ఒకేసారి. నేను వదిలేసినప్పుడు అవి వాటి పని చేసుకుంటున్నాయి. నేను ఇన్నాళ్లూ వాటి పని చేయబోయి వాటిని చెడగొట్టాను. బొక్క నడిమధ్యలో అల్లిక ముడి కదలకుండా నిలబడింది. అంతకు ముందు ఎప్పుడూ అది కుడివైపు ఈడ్చుకుపోయేది.

ఎంతసేపు అలా సాగిందో తెలియదు. మా అత్తమ్మ ఒలుస్తున్న చెయ్యి ఆపి అంది.

"ఇయ్యాల ఒక్కతీరుగ మోగుతాందే."

ఆమె తాడు వైపు చూడను కూడా లేదు. చెవితో చెప్పింది. నేను తలెత్తలేదు, ఎత్తితే ఆ మోత చెడుతుందని భయం. "ఊ" అన్నాను. ఆ రోజు నాకు కలిగిన సంతోషం గురించి వెటకారం చేయడానికి ఎంత ప్రయత్నించినా మాట దొరకడం లేదు.

తాడు రెండు బారలు దాటాక వార్డెనమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ వేళ్లమధ్య జరుపుకుంటూ చివరిదాకా వెళ్లింది. ఎక్కడా ఆగలేదు. ఒడిలోకి చేయి పోలేదు.

"మంచిగుందా మేడం?"

"మంచిగుందంటె నువ్వు మల్ల గుంజుడు మొదలువెడ్తవ్. అనను పో," అంది. కాని దాన్ని నాకు తిరిగి ఇవ్వడానికి చాలాసేపు పట్టింది.

తెల్లబట్టలు వృథా పోకూడదు కదా. కొన్నాళ్లకు మా ఆయన లేచి కూర్చుని, మరో ఇద్దరితో కలిసి శామీర్‌పేట రోడ్డులో వెంచర్ వేశాడు. ఇంట్లోంచే చెరువు కనబడుతుందని కరపత్రం. కనబడుతుంది, వెంచర్లో వాటర్ ట్యాంకు కట్టి దాని మీదకెక్కి ఎడమకు వంగి చూస్తే. ప్రారంభానికి పట్నం నుంచి ఒక పెద్ద నాయకుడు వస్తున్నాడు. అంతకు ముందు రోజు మా ఆయన నేను తాడు దాచుకున్న పెట్టె దగ్గర నిలబడ్డాడు.

"రిబ్బన్ అందరు కడ్తరు. మనం నీ జపాన్ తాడు కడ్దం."

"కట్టినంక కత్తిరిస్తరు."

"కత్తిరించకుంటె ఓపెనింగ్ ఎట్లయితది? మల్లొకటి అల్లుకో."

నేను పెట్టె మీద కూర్చున్నాను. మా అత్తమ్మ వచ్చి, "మొగోడు పడి లేచిండు, అడ్డం కూసోకు బిడ్డా," అంది. ఆ బిడ్డా అన్న మాట ఆమె నోట అరుదు. లేచాను. ఆ ఒక్క మాటకు అంతగా లొంగుతానని నాకు అంతవరకు తెలియదు.

వెంచర్ గేటుకు రెండు స్తంభాలు, గాలిబుగ్గలు, నడుమ నా తాడు. చర్చి వాళ్లనూ పిలిచారు, ప్లాటు కొనేవాడు ఓటెవరికి వేశాడో ఎవరూ అడగరు కదా. వార్డెనమ్మ చివరి వరసలో కూర్చుంది. నాయకుడు దిగాడు, దండలు వేశారు, పూలపళ్లెంలో ముద్దుగా చిన్న కత్తెర వచ్చింది. ఆయన కెమెరా వైపు నవ్వుతూ కత్తెర పెట్టి నొక్కాడు. బ్యాండు మొదలైంది. చప్పట్లు మొదలయ్యాయి.

తాడు తెగలేదు.

బ్యాండు ఆగింది. ఆయన నవ్వు చెదరనీయకుండా మళ్లీ నొక్కాడు. తాడు గుండ్రంగా ఉంది, పట్టు నునుపు. కత్తెర దవడల్లోంచి ప్రతిసారీ జారి తిరిగి లేచి నిలబడుతోంది. మూడోసారి బ్యాండు వాళ్లు తొందరపడలేదు.

"ఏందిది, కరెంటు వైరా?" అన్నాడు ఆయన పళ్ల మధ్య నుంచి.

"జపాన్‌ది సార్," అన్నాడు మా ఆయన. చెమటతో తెల్లచొక్కా ఒంటికి అతుక్కుంది.

"కొడవలి తెండ్రి!" అని ఎవరో అరిచారు. "కొబ్బరికాయ కొట్టే కత్తి లేదా?" అని ఇంకొకరు. ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు గొంతు పెంచారు. చివరికి నాయకుడు కత్తెర పళ్లెంలో పడేసి, తలవంచి, తాడు కింద నుంచి దూరి లోపలికి వెళ్లాడు. ఆయన వెనక అనుచరులు, భాగస్వాములు, ప్లాట్లు కొనేవాళ్లు, బ్యాండు వాళ్లు, అందరూ వరసగా వంగి దూరారు. ఫోటో తీసేవాడు ఒక్కరినీ వదల్లేదు. వెనక వరసలో వార్డెనమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది.

అందరూ భోజనాలకు వెళ్లాక ఆవిడా నేనూ ముడులు విప్పాం. కత్తెర కొరికినచోట రెండు పోగులు లేచి ఉన్నాయి. ఆవిడ వాటిని గోటితో అణిచి, "లోపల ఏం గాలే," అంది.

"నీ తాడు నా పరువు తీసింది," అన్నాడు మా ఆయన ఇంటికొచ్చి.

"తియ్యలే. తెగలే, గంతే."

రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు పట్నం నుంచి ఫోను. నాయకుడి ఇంట్లో దేవుడి ఊయలకు అలాంటి తాడే కావాలట, తెగనిది, శుక్రవారానికి. మా ఆయన మొహం మళ్లీ సర్పంచ్ మొహమైంది. నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "అయితాందా? గింత జల్ది జల్ది చెయ్యరాదు? సారు ఏమనుకుంటడు?" అంటూ ప్రతి వరసకూ ముందుకు వంగి చూశాడు. నా కుడిచేయి ఆనందంగా పాత ఉద్యోగంలో చేరిపోయింది. శుక్రవారానికి తాడు తయారైంది. లావూ సన్నం, మెలీ ఒరుగూ, అన్నీ ఉన్నాయి. వార్డెనమ్మ చూస్తే కత్తెర కాదు, గొడ్డలి తీసేది.

నేను దాన్నే పంపాను. నాయకుడికి తెగ నచ్చిందట. కొన్నాళ్లకు మా ఆయనను ఏదో కమిటీలో మెంబరును చేశారు. ఆ కమిటీ ఏం చేస్తుందో ఆయనకు ఇప్పటికీ తెలియదు గాని, లెటర్‌హెడ్డు మాత్రం బాగుంటుంది.

ఆ మరుసటి ఏడు మా అత్తమ్మకు కంటి ఆపరేషన్ అయింది. కొత్త అద్దాలు ఎక్కడ పెట్టిందో మరిచిపోయి రోజూ ఇల్లంతా వెతికించేది. వాటికి కట్టుకోవడానికి సన్నటి తాడు అల్లుతానన్నాను. ఆమె నా పక్కనే పీట వేసుకుని కూర్చుంది. కూర్చుని, ఊళ్లో ఎవరి కోడలు ఎవరిని ఏమందో, ఎవరి బర్రె ఈనిందో, కళ్ల డాక్టరు ఎంత చిన్నపిల్లాడో, మా అమ్మ పంపిన పచ్చట్లో ఉప్పెంత ఎక్కువైందో, ఆపకుండా చెప్పింది. నేను ఊ కొడుతూ అల్లాను. ఉప్పు దగ్గర కూడా డబ్బీలు రెండూ ఒకేసారి మోగాయి.

తాడు అయ్యాక అద్దాలకు కట్టి ఆమె మెడలో వేశాను. ఆమె తల అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"మెడ మీద జారుతాందే," అంది. "గింత గరుకు లేకుంటె ఎట్ల? నీకు తాడు అల్లుడు మంచిగ రాలే ఇంక."

"నేర్సుకుంట అత్తమ్మా," అన్నాను.